నెలకు పది పుస్తకాలు సరే, ఏమనిపించిందో చెప్పండి

ఒకటో తారీఖున సవాలు ప్రకటన, ముప్పయ్యో తారీఖున కవర్ల ఫొటోలు, వాటి కింద ఒక అంకె. తోటి పాఠకులతో కలిసి నెలనెలా చదువు సవాలు పెట్టుకునే బృందాల్లో చాలావాటి వరస ఇప్పుడు ఇదే. ఎనిమిది చదివినవాళ్లకు చప్పట్లు, రెండు చదివినవాళ్లకు ఓదార్పు. ఆ ఎనిమిదిలో ఏది నచ్చింది, ఎక్కడ విసుగొచ్చింది, ఏ పేజీ దగ్గర పుస్తకం పక్కన పెట్టి ఆలోచించారు అని అడిగితే మాత్రం ‘అన్నీ బాగున్నాయండీ’ అన్న జవాబు. ఈ సవాళ్లలోంచి పుస్తకాల లెక్కను తీసిపారెయ్యాలి. కొద్దిగా తగ్గిస్తే చాలదు, పూర్తిగా తీసెయ్యాలి. లెక్కపెట్టి తీరాలనుకుంటే రాసిన అభిప్రాయాలు లెక్కపెట్టుకోండి.

ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో చదివేవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. చదివిన పుస్తకాలు నమోదు చేసుకుని స్టార్లిచ్చే సైటు గుడ్‌రీడ్స్ 2007లో మొదలైంది, 2011లో వార్షిక సవాలు తెచ్చింది. ఈ ఏడాది ఎన్ని పుస్తకాలు చదువుతారో అంకె వెయ్యమంది. 2013లో ఆ సైటును అమెజాన్ కొనుక్కుంది. పుస్తకాలు అమ్మే సంస్థకు పుస్తకాల సంఖ్య ముద్దు, అందులో వింతేమీ లేదు. చదువుకునేవాళ్లు అదే అంకెను నెలకు కుదించి మెడకు తగిలించుకోవడమే వింత.

అంకె ఏం చేస్తుందో కాస్త దగ్గర్నుంచి చూడండి. రోజుకు 20 పేజీలు చదివితే నెలకు 600. అంటే 300 పేజీల నవలలు రెండు, లేదా 100 పేజీల పుస్తకాలు ఆరు. పెట్టిన సమయం ఒకటే, పడ్డ శ్రమ ఒకటే; ఒకరి ఖాతాలో రెండు, ఇంకొకరి ఖాతాలో ఆరు. 900 పేజీల నవలలో మూడింట రెండొంతులు దాటిన మనిషికి ఆ నెల సున్నా! ఈ సంగతి ఎవరూ పైకి అనరు గానీ చెయ్యి మాత్రం దానంతటదే సన్నపాటి పుస్తకం వైపు వెళుతుంది. ఇరవయ్యో తేదీ దాటి ఇంకా మూడు మిగిలాయంటే అసలు వేషాలు మొదలవుతాయి. వర్ణన ఉన్న పేరాలు దాటేసి సంభాషణలే చదవడం, ఆడియోబుక్‌ను రెండింతల వేగంతో వినడం, వ్యాస సంపుటిలో మొదటి నాలుగూ చివరి ఒకటీ చూసి ‘పూర్తయింది’ అని టిక్కు పెట్టడం. ఆడియోబుక్ వినడం కూడా చదవడమే, దానితో నాకు పేచీ లేదు. పేచీ అల్లా ఆ వేగం ఎవరి కోసమన్నదే.

రెండోసారి చదివితే లెక్కలోకి రాదనే నియమం కొన్ని బృందాల్లో ఉంది. కవిత్వానికి అది మరణశాసనం. కవితా సంపుటిని ఒక్కసారి చదవడమంటే చదవకపోవడంతో దాదాపు సమానం.

అన్నిటికన్నా పెద్ద నష్టం నచ్చని పుస్తకం దగ్గర జరుగుతుంది. 180 పేజీలు వచ్చాక విసుగు పుట్టింది. వదిలేస్తే ఆ 180 పేజీలూ లెక్కలో గల్లంతు. అందుకని పళ్లు బిగబట్టి చివరికంటా లాగుతారు, ఆ తర్వాత అంత కష్టపడ్డందుకు నాలుగు స్టార్లు ఇస్తారు. అమెరికన్ లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ చెప్పిన లెక్క దీనికి మంచి మందు: 50 పేజీలు అవకాశం ఇవ్వండి, పట్టుకోకపోతే మానెయ్యండి, వయసు 50 దాటితే వందలోంచి మీ వయసు తీసేసి ఎన్ని మిగిలితే అన్ని పేజీలు చాలు. డెబ్భై ఏళ్లవారికి 30 పేజీలు. వదిలేసిన పుస్తకానికీ సవాలులో పూర్తి గుర్తింపు ఉండాలి. ఎందుకు వదిలేశారో రాయాలన్నదొక్కటే షరతు. చాలాసార్లు ఆ నెలలో వచ్చే పదునైన అభిప్రాయం అదే అవుతుంది.

అసలే లెక్క లేకపోతే చదువు ఆగిపోయినవాళ్లు మళ్లీ మొదలెట్టరని ఒక వాదన ఉంది. కొంత నిజమే. ఏళ్ల తరబడి పుస్తకం ముట్టనివాళ్లకు మొదటి రెండు మూడు నెలలు ఊతం కావాలి. ఆ ఊతం రోజుకు ఇరవై నిమిషాలో, పది పేజీలో అయితే సరిపోతుంది. అప్పుడు లావు పుస్తకానికీ సన్న పుస్తకానికీ తేడా రాదు. చదివే అలవాటున్నవాళ్లకు మాత్రం అంకె ఊతం కానే కాదు.

1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు బొమ్మలు గీయడం ఇష్టపడే మూడు నుంచి అయిదేళ్ల పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాలయ్యాక చూస్తే, ప్రశంసాపత్రం కోసం గీసిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మల మీద గడిపారు. అనుకోకుండా ప్రశంసాపత్రం వచ్చిన పిల్లల ఇష్టం తగ్గలేదు. చెడగొట్టింది ప్రశంసాపత్రం కాదు, ముందే కుదిరిన బేరం. నెల మొదట్లోనే ‘ఈసారి ఎనిమిది’ అని ప్రకటించడం అలాంటి బేరమే.

మరి ఏం చెయ్యాలి? ఆరు నుంచి ఎనిమిది మంది ఉన్న బృందం చాలు. పన్నెండు దాటితే సగం మంది ప్రేక్షకులైపోతారు. ఒకటో తేదీన ఒకే ఒక్క అంశం ఇవ్వండి. నీలం అట్ట ఉన్న పుస్తకం, పేరు ఒక్క మాటే ఉన్న పుస్తకం లాంటివి వద్దు, అవి అలమర సర్దుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు. అంశమన్నది మామూలుగా మీరు తియ్యని పుస్తకాన్ని చేతికివ్వాలి: మీకేమీ తెలియని వృత్తి గురించినది, ఒకే రచయిత మొదటి పుస్తకమూ చివరి పుస్తకమూ వెంటవెంటనే, పదేళ్ల కిందట నచ్చనిది ఇప్పుడు మళ్లీ. అయిదో తేదీలోగా ఎంపిక అయిపోవాలి. పదిహేనుకు మూడు వాక్యాల తొలి ముక్క: ఏం జరుగుతుందనుకుంటున్నారు, ఏది నచ్చడం లేదు, ఏది అర్థం కాలేదు. చివరి దాకా చదివాక ఎవరికైనా మొదటి అనుమానాలు గుర్తుండవు, అందుకే ఈ ముక్క.

అసలు అభిప్రాయం పుస్తకం ముగించిన రెండు రోజుల్లోపు రాయాలి. మరుపు మొదటి రోజే అన్నిటికంటే వేగంగా కమ్ముకుంటుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. 150 నుంచి 200 మాటలు చాలు. కథ చెప్పడానికి రెండు వాక్యాలకు మించి ఖర్చు చెయ్యకూడదు. కనీసం ఒక్క చోటునైనా వేలుపెట్టి చూపించాలి, పేజీ సంఖ్యతో పాటు అధ్యాయం సంఖ్య కూడా ఇస్తూ. ముద్రణ మారితే పేజీలు మారిపోతాయి, ఈబుక్‌లో కొన్నిసార్లు శాతమే కనిపిస్తుంది. అధ్యాయం లేకపోతే అవతలివాళ్లు వెతుక్కోలేరు. ముగింపు బయటపెట్టే మాట ఉంటే ఎన్నో అధ్యాయం దాకా చదివినవాళ్లు చూడవచ్చో పైనే రాసెయ్యాలి.

‘శైలి అద్భుతం, పాత్రలు సజీవం, తప్పక చదవండి’ అన్నది ఏ పుస్తకానికైనా అతుకుతుంది కాబట్టి ఏ పుస్తకానికీ అతకదు. దాని బదులు ఒక నవల గురించి ఎవరైనా ఇలా రాశారనుకోండి: ‘ఆరో అధ్యాయం దాకా తల్లి చెప్పిన కథ ఏడులో కొడుకు చేతికి వెళ్లింది. తల్లికి తెలియని సంగతేదో చెబుతాడనుకున్నాను, అవే సంగతులు మళ్లీ చెప్పాడు. నేను అక్కడే జారిపోయాను.’ ఇందులో పొగడ్త లేదు, తిట్టూ లేదు. చదివినవాళ్లు వెంటనే ఏడో అధ్యాయం తిరగేస్తారు, ఒకరు కాదని వాదిస్తారు కూడా. బృందం ఉన్నది అందుకే కదా!

ఇంకో నియమం ఉంది, దీన్ని సడలించడానికి వీల్లేదు. అభిప్రాయాలన్నీ ఒకేసారి బయటికి రావాలి. ఇరవయ్యేడు రాత్రి ఎనిమిదిలోగా అందరూ నిర్వాహకుడికి పంపిస్తే, ఆయన అన్నీ కలిపి విడుదల చేస్తాడు. ఎందుకంటే మొదట మాట్లాడినవాళ్ల వెనక మిగతావాళ్లు నడుస్తారు. 2013లో ‘సైన్స్’ పత్రికలో మచ్నిక్, ఆరల్, టేలర్ ప్రచురించిన ప్రయోగం ఈ సంగతి తేల్చింది: ఒక సైటులో కొన్ని వ్యాఖ్యలకు రాగానే ఒక్క కృత్రిమ మెచ్చుకోలు ఓటు వేసి వదిలితే, తర్వాత చూసిన తొలి పాఠకుడు దాన్ని మెచ్చుకునే అవకాశం 32 శాతం పెరిగింది, చివరి స్కోరు సగటున 25 శాతం ఎక్కువైంది. కృత్రిమంగా వేసిన వ్యతిరేక ఓటును మాత్రం జనం సరిదిద్దేశారు. అంటే మనకు అబద్ధపు తిట్టు మీద ఉన్న అనుమానం అబద్ధపు పొగడ్త మీద లేదు.

పుస్తకాల అంకె కన్నా పాతుకుపోయిన రోగం స్టార్లది. తినే తిండి నుంచి ఎక్కే బండి దాకా అన్నిటికీ స్టార్లిచ్చి, సగటు తీసి, ఆ సగటునే అభిరుచి అనుకుంటున్నాం. పదిమందీ 3 ఇచ్చిన పుస్తకం సగటు 3. అయిదుగురు 5, అయిదుగురు 1 ఇచ్చిన పుస్తకం సగటూ 3. మొదటిది ఎవరినీ కదపని పుస్తకం, రెండోది మనుషుల్ని రెండుగా చీల్చిన పుస్తకం. చదవాల్సింది రెండోదే, సగటు దాన్నే కప్పిపెడుతుంది. స్టార్ల అర్థమైనా అందరికీ ఒకటేనా అంటే అదీ లేదు. గుడ్‌రీడ్స్ లెక్కలో రెండు స్టార్లంటే ‘పర్వాలేదు’ అని. చాలామంది దాన్ని ఫెయిలు మార్కుగా చదువుకుంటారు. 2019లో వచ్చిన అలాంటి మరో సైటు స్టోరీగ్రాఫ్ పావు స్టారు కూడా ఇవ్వనిస్తుంది. 3.75కీ 4కీ మధ్య తేడా ఏమిటో చెప్పమంటే రెండు వాక్యాలు పలకలేనివాళ్లు ఆ పావు కోసం మాత్రం తెగ మథనపడుతున్నారు.

అంతగా స్టార్లు వదల్లేకపోతే వాటికి ఒక్క పని అప్పగించండి: చర్చ ఎవరితో మొదలుపెట్టాలో తేల్చడం. అందరికంటే తక్కువ ఇచ్చినవారికి మొదటి అయిదు నిమిషాలు, అడ్డు తగలకుండా. తర్వాతి అయిదు నిమిషాలు అందరికంటే ఎక్కువ ఇచ్చినవారికి. ఇద్దరూ ఒకే అధ్యాయం తెరిచి మాట్లాడాలి.