1500 మిల్లీయాంపుల డ్రైవర్ గారికి, చింపిన స్టిక్కర్ సాక్షిగా

ఇంటి కరెంటును ఎల్‌ఈడీ దీపానికి తగినట్టు మలచి అందించే మహారాజశ్రీ ఎల్‌ఈడీ డ్రైవర్ గారి దివ్య సముఖమునకు, హన్మకొండలో ఎండ పొడ సోకని వెనక గదిలో ఎల్‌ఈడీ లైట్ల కింద మిరపనారు పెంచుకొనే ఒక అభాగ్యుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా:

తమరు క్షేమమని నాకు తెలుసు. మొన్న శనివారం మధ్యాహ్నం తమరిని గుడ్డసంచిలో పెట్టుకొని, హన్మకొండ చౌరస్తా నుంచి ఎంజీఎం ఆసుపత్రి మీదుగా వరంగల్ దాకా మోసుకుపోయి, దుకాణంలో రెండున్నర గంటలు నిలబడి, పోయినదారినే వెనక్కి మోసుకొచ్చినవాణ్ణి నేనే కనుక, తమరి యోగక్షేమాలను మరొకరిని అడిగి తెలుసుకోవలసిన అవసరం లేదు. క్షేమం తప్పినది నాకు, మూడు ట్రేలలోని నా చపాటా మిరపనారుకు మాత్రమే.

తమరిని ఎంచుకోవడానికి నేను పడిన శ్రమ తమరికి తెలియకపోవచ్చు. డ్రైవర్‌ను ఎంచుకొనేటప్పుడు ముందుగా వెలుగునిచ్చే ఎల్‌ఈడీ చిప్ కోరే కరెంటు ఎంతో చూడాలనీ, ఆ కరెంటు దగ్గర చిప్ నిలుపుకొనే వోల్టేజీ డ్రైవర్ పరిధిలో ఇముడుతుందో లేదో ఆ తరవాత చూడాలనీ, వాట్లు ఆ రెంటినీ గుణిస్తే వచ్చే లెక్కే తప్ప కొనేవాడు మొదట అడగవలసిన ప్రశ్న కాదనీ నేను కష్టపడి నేర్చుకున్నాను. అంగట్లో మాత్రం తమరి జాతిని వాట్ల లెక్కనే అమ్ముతారు. అది చెప్పులను కిలోల లెక్కన అమ్మినట్టు ఉంటుంది. కరెంటు సంగతి అడిగినందుకు దుకాణదారు నన్ను జాలిగా చూసి, "డ్రైవర్ అంటే డ్రైవరే సార్, అన్ని ఒక్కటే. లైటు వెల్గుతందా లేదా, అదొక్కటి చూస్కోండ్రి" అని ఉపదేశించాడు.

తప్పంతా ఎదుటివారిదేనని నేను అనడం లేదు. మొట్టమొదట ఇంట్లో మూలపడి ఉన్న 36 వోల్టుల స్థిర వోల్టేజీ సప్లైకి ఒక చిప్‌ను నేరుగా తగిలించి, వెలిగిందని మురిసిపోయినవాణ్ణి నేనే. ఎల్‌ఈడీ వేడెక్కిన కొద్దీ దానికి కావలసిన వోల్టేజీ తగ్గుతుంది; వోల్టేజీని కదలనివ్వని సప్లై దగ్గర అది ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, లాగిన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. ఈ గానుగ ఎక్కడ ఆగుతుందో నాకు ఇరవై నిమిషాల్లో మాడిన వాసన చెప్పింది. వోల్టేజీ ఎటు జరిగినా కరెంటును మాత్రం కదలనివ్వకుండా పట్టుకొనే స్థిర కరెంటు డ్రైవర్ కావాలని అప్పుడే బుద్ధి తెచ్చుకొని, తమరి వద్దకు వచ్చాను.

తమరి ఒంటి మీది స్టిక్కర్ ఎంత నిండుగా ఉండెనో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఇన్‌పుట్ ఏసీ 85 నుంచి 265 వోల్టులు. అవుట్‌పుట్ డీసీ 30 నుంచి 36 వోల్టులు. కరెంటు 1500 మిల్లీయాంపులు. చిన్న చిన్న ఎల్‌ఈడీలను ఒకే పలక మీద పేర్చిన నా 50 వాట్ల సీఓబీ చిప్‌కు సరిగ్గా అదే కావాలి. మూడు అరల ర్యాకుకు మూడు డ్రైవర్లు అవసరం కనుక తమరిని ఒక దుకాణంలోనూ, తమరి తమ్ముళ్లిద్దరినీ మరో దుకాణంలోనూ కొన్నాను. అక్షరం తేడా లేకుండా మీ ముగ్గురి స్టిక్కర్లూ ఒకటే కావడం చూసి, ఇది ప్రమాణీకరణకు నిదర్శనమని నమ్మాను కూడా.

నారు మూడో వారానికే మెడలు సాచింది. కాండం దారపుపోగులా పొడవు సాగి, ఆకులు వెలవెలబోయి, వెలుతురు ఎక్కడుందా అని లైటు వైపు నిక్కి చూడసాగింది. విత్తనాన్ని అనుమానించాను, నారు పోసిన కోకోపీట్ అనే కొబ్బరిపొట్టును అనుమానించాను, నీళ్లు ఎక్కువ పోస్తున్నారని మా ఆవిడను అనుమానించి దాని ఫలితం అనుభవించాను. చివరకు మల్టీమీటర్ తీసి, ఎర్ర తీగను 10 యాంపుల రంధ్రంలోకి మార్చడం మరచి ఒక ఫ్యూజును బలిపెట్టి, రెండోసారి బుద్ధిగా వరుసలో కలిపి చూస్తే, తమరు ఇస్తున్నది 1080 మిల్లీయాంపులు. చిప్ కొసల వద్ద 32.4 వోల్టులు. గుణిస్తే 35 వాట్లు.

తమ్ముళ్లను కూడా పరీక్షించాను. ఒకడు 1320 ఇచ్చాడు, రెండోవాడు 900 దగ్గర ఆగాడు. ముగ్గురి వీపు మీదా 1500 అనే రాసి ఉంది. ఎనుమాముల మార్కెట్ యార్డులో 50 కిలోలని చెప్పిన మిర్చి బస్తా కాంటా మీద 35 తూగితే ఏమవుతుందో తమరికి నేను వర్ణించి చెప్పనక్కరలేదు. ఒక్క గడియలో గేట్లు మూతపడతాయి. మిల్లీయాంపులు కంటికి కనిపించవు కనుక, కాంటా అందరి ఇళ్లలో ఉండదు కనుక, మొక్కకు నోరు లేదు కనుక తమరి తూకం ఇన్నాళ్లూ చెల్లిపోయింది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ అన్నది చపాటా మిరపకు గుణం. 2025లో భౌగోళిక గుర్తింపు దక్కినది అలాంటి గుణాలున్న పంటకే. స్టిక్కర్‌కు అదే లక్షణం ఉంటే దానిని ఏమనాలో మర్యాద కొద్దీ రాయడం లేదు.

చిన్న చిన్న ఫిర్యాదులు ఎన్నో ఉన్నాయి, వాటిని ఇక్కడే దులిపేస్తాను. ఇన్‌పుట్ వైపు తెల్ల తీగ, అవుట్‌పుట్ వైపూ తెల్ల తీగ పెట్టిన మహానుభావుడి చేత ఒక్క రాత్రి కరెంటు పోయినప్పుడు టార్చి వెలుగులో వాటిని కలిపించాలని ఉంది. చిప్ 50,000 గంటలు, అంటే రోజుకు 16 గంటల చొప్పున వేసినా ఎనిమిదిన్నర ఏళ్లు బతుకుతుందని డబ్బా మీద ఉంటుంది. తమరి లోపల ఉండే, కరెంటును నిలకడగా ఉంచే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు మాత్రం వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొద్దీ సుమారు సగమవుతుందని, ఓరుగల్లు మే నెల ఎలా ఉంటుందో తెలిసినవారెవరూ ఆ డబ్బా మీద రాయరు. ఫోన్ కెమెరాలో కనిపించే నల్లని చారలను మాత్రం క్షమించాను, లైటు సెకనుకు నూరుసార్లు రెప్పలార్చినా మిరపనారు పట్టించుకోదు.

ఒక్క దానిని మాత్రం క్షమించలేను, మర్యాద ఇక్కడితో సరి. నీ పెద్ద తమ్ముడు, 1320 ఇచ్చిన ఆ ఘనుడు, మా ఆవిడకు షాక్ కొట్టాడు. నీళ్లు చిలకరించిన తడిచేత్తో, చిప్ వేడిని లాగేసే హీట్‌సింక్‌ను తాకిన మనిషి ఒక్కసారిగా వెనక్కి పడి, ఊపిరి తీసుకొని, "ముందుగాల ఆ వైరు పీకుండ్రి, మీ మిరపకాయలు తర్వాత జూద్దాం" అంది. 36 వోల్టులేనని రాసి ఉంటే ముట్టుకున్నా ఏమీ కాదనుకుంటాం. ఆ 36 వోల్టులు రెండు తీగల మధ్య మాట. ఇంటి కరెంటుకూ అవుట్‌పుట్‌కూ నడుమ ట్రాన్స్‌ఫార్మర్ అడ్డు లేని డ్రైవర్‌లో, ఆ తీగకూ మనం నిలబడిన నేలకూ మధ్య ఉండేది 230 వోల్టుల ఇంటి కరెంటే. ఆ ఒక్క మాట, లోపల ఐసోలేషన్ లేదనే మాట, ఆ స్టిక్కర్ మీద రాయడానికి చోటు దొరకలేదా? నక్షత్రాల బొమ్మకు చోటు దొరికింది. "సూపర్ క్వాలిటీ" అనడానికి చోటు దొరికింది. ఎల్‌ఈడీ డ్రైవర్లకు తప్పనిసరిగా ఉండవలసిన, భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి రిజిస్ట్రేషన్ నంబరుకు కూడా దొరకలేదు. ఐసోలేషన్ అనేది మీ వంశంలో ఒక్కచోటే చూశాను, స్టిక్కర్‌కూ సర్క్యూట్‌కూ మధ్య. దానిని ఏ కరెంటు పోటు (సర్జ్) కూడా దాటలేదు.

ఆ రాత్రి మూడు హీట్‌సింకులనూ ఎర్త్ చేసి, షాక్ కొట్టినవాణ్ణి డబ్బాలో పడేసి, నీ దగ్గరకు వచ్చాను. కోపంలో ఉన్నాను. నీ స్టిక్కర్ అంచును గోటితో లేపి, బర్రున లాగేశాను.

దాని కింద ఇంకో స్టిక్కర్ ఉంది.

చిన్నది, తెల్లనిది, నక్షత్రాలు లేనిది. డీసీ 30 నుంచి 36 వోల్టులు, 1050 మిల్లీయాంపులు, ఐసోలేటెడ్ అని మూడు ముక్కలు. మల్టీమీటర్ చూపిన 1080 నాకు ఒక్కసారిగా వెలిగింది. నువ్వు పుట్టినప్పుడు చెప్పిన మాట మీదనే నిలబడ్డావు, పైగా ముప్పై మిల్లీయాంపులు కొసరు కూడా వేశావు. నీ నోటికి అడ్డంగా మరెవరో 1500 అని అతికించారు. మూడు వారాల పాటు నేను తిట్టిన తిట్లన్నీ నిజం చెప్పేవాడి మీద పడ్డాయి.

ఆ రెండు స్టిక్కర్లనూ సాక్ష్యంగా పట్టుకొనే శనివారం నేను దుకాణానికి వెళ్లింది. దుకాణదారు పైదానిని చూడలేదు, కిందిదానిని చూడలేదు, నీ ఒంటి మీద మిగిలిన జిగురును మాత్రం వేలితో తడిమి చూశాడు. "స్టిక్కర్ చింపిన్రు గద సార్, ఇగ వారంటీ ఉండది" అన్నాడు. అబద్ధం చెక్కుచెదరకుండా ఉన్నంత కాలమే వారంటీ ఉంటుందని, నిజం బయటపడిన క్షణాన అది రద్దవుతుందని ఇంత సూటిగా చెప్పినవారిని నేను ఇదివరకు చూడలేదు. అసలు స్టిక్కర్ ఇది కదా అంటే, "అది కంపెనీది సార్, మాది పైది" అన్నాడు. వాదించాను. టీ తెప్పించాడు. తాగి వచ్చాను.

నీ మీద ఇక నాకు కోపం లేదు. సమర్థంగా వెలిగే నీలి ఎల్‌ఈడీని కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురా గార్లకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఎల్‌ఈడీని మాడిపోకుండా పట్టుకొని కూర్చొనే నీ జాతికి దక్కింది మాత్రం ఒకదాని మీద ఒకటిగా రెండు స్టిక్కర్లు. డ్రైవర్లు తయారుచేసే మీన్‌వెల్ కంపెనీ వారి హెచ్‌ఎల్‌జీ వంశంలో పేరు చివర 'ఏ' అంటే కరెంటు సరిచేసుకొనేందుకు లోపల తిప్పుకొనే మర ఉందని, 'బీ' అంటే వెలుగు తగ్గించే డిమ్మింగ్ తీగలు బయటకు వస్తాయని పేరే చెబుతుంది. అటువంటి ఇంట్లో పుట్టి ఉంటే నీకూ గౌరవంగానే గడిచేది, నేను మాత్రం నిన్ను కొనగలిగేవాణ్ణి కాదు.

ప్రస్తుతం నువ్వు రెండో అరలో ఉన్నావు. 35 వాట్లతోనే సరిపెట్టుకొని, లైటును అడుగున్నర ఎత్తు నుంచి అడుగుకు దించాను. పొడవు సాగిన మొక్కల మొదళ్లకు మట్టి ఎగదోశాను, నాలుగు రోజులకు కొత్తగా వచ్చిన ఆకులు కురచగా, ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి. జిగురు తుడిచిన చోట తెల్ల టేపు వేసి, నా చేతిరాతతో "32.4 వోల్టులు, 1080 మిల్లీయాంపులు, కొలిచి రాసినది" అని పెట్టాను. మా ఆవిడ దాని కింద "ముట్టొద్దు" అని చేర్చింది.

ఇట్లు,
తమరి విధేయుడు,
హన్మకొండ.

తా.క.: ఈ ఉత్తరం ముగించేలోగా దుకాణదారు ఫోన్ చేశాడు. పై స్టిక్కర్‌ను యథాస్థానంలో మళ్లీ అతికించి తెస్తే మార్చే సంగతి చూస్తానన్నాడు. మార్చి ఏది ఇస్తారని అడిగాను. "అదే సార్, 1500ది" అన్నాడు.