పేగు చివరి ఆయకట్టుకు చేరని కణాలు

పుట్టి 48 గంటలు దాటినా శిశువుకు విరేచనం కాక, పొట్ట ఉబ్బి, పచ్చని వాంతులు మొదలైతే పిల్లల శస్త్రవైద్యులు అనుమానించే వాటిలో హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి ఒకటి. సుమారు 5,000 జననాలకు ఒకటి చొప్పున కనిపించే ఈ వ్యాధిలో పెద్దపేగు చివరి భాగంలో నాడీకణాలే ఉండవు. 1886లో కోపెన్‌హాగెన్ వైద్యుడు హరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ దీన్ని వర్ణించడం, 1994లో దీని వెనుక రెట్ జన్యువు ఉందని తేలడం తెలిసిన సంగతులే. అయితే జన్యువుల్లో ప్రొటీన్ రాసే భాగాలను చదివే ఎక్సోమ్ పరీక్షలో 'లోపం కనబడలేదు' అని వచ్చిన నివేదికను పట్టుకుని 'ఇది జన్యువుల వల్ల వచ్చింది కాదు' అని తల్లిదండ్రులకు చెప్పడం శాస్త్రరీత్యా తప్పని నేను గట్టిగా వాదిస్తాను.

పేగు నాడులు పేగులో పుట్టవు. పిండం మెడ భాగంలోని న్యూరల్ క్రెస్ట్ (నాడీకణాలకు మూలమైన కణాల పట్టీ) నుంచి బయలుదేరిన కొద్దిపాటి కణాలు గర్భంలో నాలుగో వారం నుంచి ఏడో వారం వరకు, దారిపొడవునా విభజన చెందుతూ, పేగు పైకొస నుంచి కిందికొస దాకా ప్రయాణిస్తాయి. పేగు గోడ స్రవించే జీడీఎన్‌ఎఫ్ ప్రొటీన్ వాటిని ముందుకు రప్పిస్తుంది. ఆ సంకేతాన్ని అందుకునే గ్రాహకమే రెట్. కాలువకు వదిలిన నీరు తగ్గినప్పుడు ఎగువ పొలాలు తడుస్తాయి, ఎండేది చివరి ఆయకట్టే. కణాల మీద రెట్ తగ్గితే విభజన మందగించి, నడక నెమ్మదించి, పేగు కొస ఖాళీగా మిగిలిపోతుంది. నాడులు లేని భాగం దాదాపు ఎప్పుడూ మలద్వారం దగ్గర మొదలై పైకి సాగడానికి కారణం ఇదే.

కాబట్టి రెట్ ఉందా లేదా అన్నంత ముఖ్యంగా, ఎంత ఉందన్నదీ చూడాలి. రెట్ ప్రొటీన్‌నే చెడగొట్టే అరుదైన ఉత్పరివర్తనాలు కుటుంబాల్లో వచ్చే కేసుల్లో దాదాపు సగంలోనూ, విడిగా వచ్చే వాటిలో 15 నుంచి 20 శాతంలోనూ దొరుకుతాయి. మిగిలిన పిల్లల మాటేమిటి? కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన అరవింద చక్రవర్తి బృందం 2005లో దీనికి సమాధానం చూపింది. రెట్ మొదటి ఇంట్రాన్‌లో, ప్రొటీన్ తయారీకి పనికిరాని చోట, ఒకే అక్షరం మారితే ఆ జన్యువును పనిచేయించే స్విచ్చు బలహీనపడుతుంది; సాక్స్10 అనే ప్రొటీన్ అక్కడ సరిగా అంటుకోలేదు. ఈ మార్పు ఐరోపా జనాభాలో దాదాపు నాలుగోవంతు క్రోమోజోముల మీద, తూర్పు ఆసియాలో అంతకంటే ఎక్కువగా ఉంది. ఒంటరిగా అది వ్యాధి తేలేదు గనుక, మోసేవారిలో అత్యధికులు ఆరోగ్యవంతులే. దానికి మరికొన్ని మార్పులు తోడైనప్పుడే రెట్ మోతాదు గీత దాటి పడిపోతుంది. ప్రొటీన్ రాసే భాగాలను మాత్రమే చదివే ఎక్సోమ్ పరీక్ష ఆ చోటును వెతకడానికి ఉద్దేశించింది కాదు. ఇంత మామూలు మార్పులు కలిసి తెచ్చే వ్యాధికి కోడలి వైపు రక్తాన్ని నిందించే ఇళ్లు ఇంకా ఉండటం నాకు బాధ కలిగిస్తుంది.

కారణం ఏదైతేనేం, 1948లో ఆర్వర్ స్వెన్సన్ చూపిన బాటలో ఆ పేగు ముక్కను తీసేస్తే సరిపోతుంది కదా అనేవారున్నారు. ఆ శస్త్రచికిత్స ప్రాణాలు నిలుపుతుంది, నిజమే. అయినా ఆ తర్వాత కూడా కొందరు పిల్లలను పేగువాపు వెంటాడుతుంది. పైగా రెట్‌లోని కొన్ని మార్పులు ఈ వ్యాధితో పాటు థైరాయిడ్ మెడుల్లరీ క్యాన్సర్‌నూ తెస్తాయి. వాటిని గుర్తించకపోతే బిడ్డ మెడలో ఎదగబోయే గడ్డను ముందే ఆపే అవకాశం చేజారుతుంది.

మన దేశానికి ఈ వ్యాధి మీద పరిశోధన కొత్త కాదు. 1981లో బొంబాయి వైద్యుడు షా, ఆయన సహచరులు నుదుటిపై తెల్లజుట్టుతో, పొడవాటి భాగంలో నాడులు లేని పేగుతో పుట్టిన 12 మంది శిశువులను వర్ణించారు. ఈడీఎన్‌ఆర్‌బీ, ఈడీఎన్3, సాక్స్10 జన్యువులే తెల్లజుట్టుతో కలిసి వచ్చే ఆ రకం వ్యాధికి మూలమని 1990లలో తేలింది. ఇప్పుడు భారతీయుల జన్యుక్రమాలను సేకరించిన జీనోమ్‌ఇండియా ప్రాజెక్టు ద్వారా 10,000 మంది జన్యుసమాచారం పరిశోధకులకు అందుబాటులో ఉంది. దానితో పోల్చి చూడవలసినది మన పిల్లల సమాచారమే. హిర్ష్‌స్ప్రంగ్ ఆపరేషన్‌లో తీసిన పేగు ముక్కను పాథాలజీ నివేదికతో వదిలేయకుండా, తల్లిదండ్రుల అనుమతితో, వారి రక్తనమూనాలతో సహా భద్రపరిచే ఏర్పాటు ప్రతి పిల్లల శస్త్రచికిత్స విభాగంలోనూ ఉండాలి. వాటిని చదివేటప్పుడు ఇంట్రాన్లనూ చదవాలి.