ప్లస్ ఆర్ మైనస్ మూడు శాతం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్లస్ ఆర్ మైనస్ మూడు శాతం గారికి, గోదావరి డెల్టాలో రాజకీయ శాస్త్రం పిల్లలకి సర్వేలూ లెక్కలూ నేర్పే మేము నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీ క్షేమం మేం ప్రత్యేకంగా అడగక్కర్లేదు లెండి. ఎన్నికలొచ్చాయంటే టీవీలో ప్రతి సర్వే కిందా, అసలు అంకె చెప్పినదానికి మూడు అటూఇటూగా ఉండొచ్చనే మార్జిన్ ఆఫ్ ఎర్రర్ హోదాలో, చీమల బారులాంటి అక్షరాల్లో మీరే కనిపిస్తారు. భీమవరంలో పందెం కాసేవాళ్లూ, పాలకొల్లు బస్టాండులో పేపరు తిరగేసేవాళ్లూ, ఎమ్మే ప్రాజెక్టు రిపోర్టులో మూడో అధ్యాయం రాసే పిల్లలూ అందరూ మీ పేరు చెప్పుకునే బతుకుతున్నారు. ఎవర్ని అడిగారు, ఎవరు అడిగారు, ఏ నెలలో అడిగారు అన్న మాటే ఎత్తరండి. మీరు పక్కన నిలబడితే చాలు, ఎలాంటి అంకెకైనా ఎక్కడలేని పరువూ వచ్చేస్తుంది.

మీ పుట్టుపూర్వోత్తరాలు మాత్రం మీ భక్తుల్లో చాలామందికి తెలియవు. 0.98ని శాంపిల్ సంఖ్య, అంటే అడగడానికి ఏరిన మనుషుల సంఖ్య, దాని వర్గమూలంతో భాగిస్తే మీరు పుడతారు. వంద మందిని అడిగితే మీ ఒళ్లు 9.8 శాతం. నాలుగు వందల మందికి 4.9. సరిగ్గా 1,067 మందికి 3. ఇంకా చిక్కి 1.5 అవ్వాలంటే రెండింతలు చాలదు, నాలుగింతలు కావాలి: 4,268 మంది. ఊరు పెద్దదా చిన్నదా అన్నది మీకు దాదాపు పట్టదు. ఒక్క పాలకొల్లు నియోజకవర్గానికైనా దేశం మొత్తానికైనా అదే 1,067. క్లాసులో ఈ మాట చెప్పగానే ఒక్కడూ నమ్మడు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదా అంటే అప్పుడు తలూపుతారు. అయితే మెతుకు చాలేది కుండంతా ఒకేలా ఉడికినప్పుడు. మా నియోజకవర్గాలు ఒక పక్క మెత్తగా, ఒక పక్క పలుకుగా ఉడికే రకం.

మీరు ఏ షరతు మీద పుట్టారో గుర్తు చెయ్యమంటారా? ప్రతి ఓటరుకీ ఎంపికయ్యే అవకాశం ఎంతో ముందే తెలిసుండాలి. పేరు తీసేది లాటరీ అవ్వాలి, మనిషి ఇష్టం అవ్వకూడదు. నియోజకవర్గంలో రెండు లక్షల ఓటర్లు, మనకి 25 పోలింగ్ బూతులు కావాలి అనుకుందాం. బూతులన్నీ వరుసగా రాసి, పక్కన ఓటర్ల సంఖ్య వేసి, పైనుంచి కిందికి కూడుకుంటూ రావాలి. రెండు లక్షల్ని 25తో భాగిస్తే 8,000. ఒకటికీ 8,000కీ మధ్య ఒక అంకె లాటరీ తియ్యాలి. 3,417 వచ్చిందనుకోండి, కూడిక 3,417 అందుకున్న మొదటి బూతు మనది. తరవాత 11,417, ఆ తరవాత 19,417, అలా చివరిదాకా. ఓటర్లు ఎక్కువున్న బూతుకి అవకాశం ఎక్కువ, తక్కువున్నదానికి తక్కువ. ఎంచిన బూతులో 960 మంది ఉంటే, నలభై మంది కోసం 24కి ఒకరు. మొదటి అంకె మళ్లీ లాటరీయే. 7 పడితే 7, 31, 55, 79... జాబితాలో ఆ వరుస నంబరు ఎవరిదైతే వాళ్లనే అడగాలి. పక్కింటాయన ఎంత రాజకీయ పండితుడైనా ఆయన మనకి పనికిరాడు.

ఇంత చాకిరీ చేసి తెచ్చిన వెయ్యిమందికే మీరు వర్తిస్తారు. జరుగుతున్నదేమో, గూగుల్ ఫారం లింకు ఒకటి కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో పడేసి, 1,100 జవాబులు పోగవగానే కింద మీ పేరు రాసెయ్యడం. లాటరీ లేని చోట మీరు పుట్టనే లేదండి. పుట్టని వారికి బారసాల చేస్తున్నారు.

లాటరీ తీసిన చోటైనా మీరు నిజం చెబుతున్నారా అంటే, అదీ లేదు. మా ఊళ్లు పేటలు పేటలుగా ఉంటాయి. రామాలయం వీధి ఒక మాట మీద ఉంటుంది, చర్చి పేట ఇంకో మాట మీద. ఒకే బూతులో నలభై మందిని అడిగితే నలభై రకాల సమాచారం రాదు. చాలా జవాబులు ఒకదానికొకటి నకళ్లు. ఆ పోలికని (పోలికే లేకపోతే 0, అందరిదీ ఒకటే మాటైతే 1) 0.05 అనుకుని లెక్క కడితే, బూతుకి నలభై చొప్పున అడిగిన వెయ్యిమంది విడివిడిగా తీసిన 339 మందితో సమానం. అప్పుడు మీ అసలు కొలత 5.3. అదే వెయ్యిమందిని యాభై బూతుల్లో ఇరవై మంది చొప్పున అడిగితే 4.3కి దిగొస్తారు. శాంపిల్ పెంచక్కర్లేదు, బూతులు పెంచితే చాలు. ఆటో ఖర్చు పెరుగుతుంది కాబట్టి ఆ పని ఎవరూ చెయ్యరు. కింద మాత్రం పాత సైజు చొక్కాలోనే మీ ఫొటో వేస్తారు.

ఒక పార్టీకి 46, ఇంకోదానికి 43 వచ్చిందనుకోండి. "ఆధిక్యం మూడు, మార్జినూ మూడే, కాబట్టి అంచు మీద గెలుపు" అని యాంకరు గారు సెలవిస్తారు. మీరు ఒక్కో పార్టీ అంకెకి కట్టిన కొలత. రెండింటి తేడాకి విడిగా కట్టాలి. 1,067 మందికి అది 5.7 అవుతుంది. పైన చెప్పిన పేటల గొడవ కలపకుండానే సుమండీ!

ఇక పొలంలో దిగుదాం. ప్రశ్నలడిగే ఎన్యూమరేటరు కుర్రాడు జాబితా పట్టుకుని బూతుకి వచ్చాడు. 7వ నంబరు పెద్దాయన అరుగు మీదే ఉన్నారు, కూర్చోబెట్టి మజ్జిగ కూడా ఇచ్చారు. 31వ నంబరావిడ కువైట్‌లో వంటపని. 55 హైదరాబాదు. 79 రొయ్యల చెరువు మీద కాపలా, చీకటిపడితే గానీ రాడు. 103 గోదావరి లంకలో ఉంటాడు. పడవ దాటాలి, వరద రోజులైతే ఆ పడవా ఉండదు. రూలు ప్రకారం పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఆదివారం ఒకసారి వెళ్లాలి. అప్పటికీ దొరక్కపోతే "దొరకలేదు" అని రాసి ఊరుకోవాలి. ఫారానికి ఇంత అని కూలి మాట్లాడుకున్న కుర్రాడు అలా చేస్తాడా? రేవు దగ్గరే నలుగురిని ఆపి నాలుగు ఫారాలు నింపేస్తాడు. సాయంత్రానికి నలభైకి నలభై పూర్తి. ఆ నలభైలో అరుగు మీద పెద్దలూ, రోడ్డు పక్క కిళ్లీ కొట్టు వాళ్లూ నిండిపోయారని మీకేం తెలుస్తుంది? మీరు తలలు లెక్కపెడతారు. అదే సర్వే సంక్రాంతికి పెడితే వలసవెళ్లినవాళ్లంతా ఊళ్లో ఉంటారు, జవాబులు మారిపోతాయి; మీరు మాత్రం అంగుళం కదలరు.

"వెయిట్లు వేసి సరిచేశాం" అంటారు కొందరు, అంటే తక్కువ దొరికిన రకం వాళ్ల జవాబుని ఎక్కువ చేసి లెక్కవేశామని. దేని ప్రకారం? ఇప్పటికీ చేతిలో ఉన్నది 2011 జనాభా లెక్కలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీలాయి గనక కోనసీమకైనా కొత్త పశ్చిమ గోదావరికైనా పాత పట్టికలోంచి మండలం మండలం ఏరి మళ్లీ కూడుకోవాలి. అంతా చేసినా వెయిటు సరిచేసేది ఆడా మగా, వయసూ లాంటి తెలిసిన తేడాలనే. అరుగు మీద కూర్చున్న మనిషికీ చెరువు గట్టు మీద మనిషికీ ఓటులో ఉండే తేడాకి వెయిటు లేదు.

మా మర్యాద సంగతి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఇక్కడ గుమ్మంలోకొచ్చి అడిగినవాడికి కాదనడం అలవాటు లేదండి. ఉదయం వచ్చిన పార్టీ వాళ్లకీ "ఆయ్, మీకేనండి", సాయంత్రం వచ్చిన వాళ్లకీ "మీక్కాక ఇంకెవరికండి". సర్వే కుర్రాడు మొదటి ప్రశ్న అడిగేలోగా ఎదుటివాళ్లే సర్వే మొదలెడతారు: ఏ ఊరు బాబూ, ఎవరబ్బాయివి, ఇంటిపేరేంటి? ఆ మూడు జవాబులు విన్నాకే ఏ పార్టీ పేరు చెప్పాలో తేలుతుంది. అందుకే తెలిసిన సంస్థలు నకిలీ బ్యాలెట్ కాగితం మీద గుర్తులు ముద్రించి, మడిచి డబ్బాలో వెయ్యమంటాయి. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ పరిశోధన సంస్థ వారి లోక్‌నీతి సర్వేల్లో ఆ పద్ధతి ఉంది. ఓటుకి డబ్బు తీసుకున్నారా అన్నది సూటిగా అడిగితే ఊరు ఊరంతా పత్తిత్తులే. దానికి ఇంకో దారి: సగంమందికి మామూలు పనులు మూడు చదివి "వీటిలో ఎన్ని జరిగాయి, ఏవో చెప్పక్కర్లేదు, సంఖ్య చాలు" అనాలి, మిగతా సగానికి అవే మూడు, నాలుగోది డబ్బు సంగతి. మొదటి గుంపు సగటు 1.6, రెండోది 2.0 వచ్చిందంటే నూటికి నలభై మంది ఒప్పుకున్నట్టు. ఎవరు ఒప్పుకున్నారో దేవుడికి కూడా తెలియదు. ఈ పద్ధతి వాడితే మాత్రం మీరు బాగా లావెక్కుతారు, ఎందుకంటే కొలుస్తున్నది రెండు సగటుల తేడా. శాంపిల్ పెద్దది పెట్టుకోవాలి.

ఎన్యూమరేటరు చేసే తప్పు మీ లెక్కలో పడదని గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ బెంగాల్ జనపనార సర్వేల నాడే కనిపెట్టారు. మందు కూడా ఆయనే చెప్పారు: శాంపిల్‌ని లాటరీతో రెండు ముక్కలు చేసి, రెండు వేర్వేరు జట్లకి ఇవ్వండి. చెరో ఐదొందల మందిని అడిగిన జట్ల జవాబుల మధ్య తేడా ఆరేడు శాతం దాటితే, ఓటర్ల దగ్గరికి కాదు, జట్ల దగ్గరికి వెళ్లి ఆరా తియ్యాలి. శాంపిల్ పెంచక్కర్లేదు. టీవీ సర్వేల్లో ఇది చేసినట్టు ఎక్కడా కనపడదు.

శాంపిల్ కొండంత ఉంటే ఇవన్నీ కొట్టుకుపోతాయని మీ భక్తుల నమ్మకం. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి కార్డులు పంపింది, 24 లక్షలకి అటూఇటూగా తిరిగొచ్చాయి. అంత శాంపిల్‌కి మీ కొలత 0.06 శాతం, అంటే మీరు కంటికే ఆనరు. రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన ల్యాండన్‌కి 57 శాతం అని పత్రిక రాసింది. వచ్చింది 37 లోపు. రూజ్‌వెల్ట్ రెండు రాష్ట్రాలు తప్ప అన్నీ ఊడ్చేశాడు. చిరునామాలు తీసింది టెలిఫోన్ డైరెక్టరీల్లోంచీ కారు యజమానుల జాబితాల్లోంచీ, అదీ ఆర్థిక మాంద్యం రోజుల్లో; పైగా కార్డు తిప్పి పంపినవాళ్లు పంపనివాళ్ల లాంటివాళ్లు కారు. మీరు 0.06 అంటే తప్పు ఇరవై.

ఓట్ల దగ్గరే ఇంత ఉంటే, మిమ్మల్ని సీట్లకి కూడా అంటగడుతున్నారు. 2019లో తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్‌సీపీకి అదే 39 శాతం పైచిలుకు, సీట్లు 11. జనసేనకి 2019లో అయిదున్నర శాతం ఓట్లతో దక్కింది ఒక్క రాజోలు. 2024లో ఏడు శాతంలోపు ఓట్లతో పోటీచేసిన 21కి 21. పొత్తూ, ఓట్లు ఎక్కడ పోగుపడ్డాయన్నదీ తెలియకుండా ఓటు శాతం చూసి సీట్లు చెప్పేవాళ్లు మీ నెత్తిన పెద్ద బరువే పెడుతున్నారు. పాత రెండు గోదావరి జిల్లాల 34 నియోజకవర్గాల్లో ఒక్కోదానికీ మీరు విడిగా కావాలంటే 36,278 మందిని అడగాలి. రాష్ట్రమంతటికీ కలిపి వెయ్యిమందిని అడిగితే నియోజకవర్గానికి ఆరుగురు కూడా పడరు. 2024 జూన్ 1న వచ్చిన ఎగ్జిట్ పోల్స్‌లో చాలావాటి ప్రకారం కేంద్రంలో ఎన్‌డీఏకి 350 పైనే. నాలుగో తారీఖున వచ్చినవి 293. ఆ తేడాకి మీ చొక్కా ఎంత సాగదీసినా సరిపోదు.

గోదావరి జిల్లాలు గెలిచినవాడిదే రాష్ట్రం అన్న మాటకి కూడా మిమ్మల్ని సాక్ష్యం పిలుస్తారు. 175లో 34 మావే, దాదాపు అయిదో వంతు. ముక్క మొత్తంలో భాగమైనప్పుడు రెండింటికీ పొంతన కొంత దానంతటదే వస్తుంది. ఆ 34 తీసేసి మిగతా 141తో పోల్చి చూడాలి. విభజన చట్టం వచ్చాక జరిగిన ఎన్నికలేమో మూడు. మూడు చుక్కల మీద గీత గియ్యడానికి మీ పేరెందుకండి?

కాబట్టి మనవి. ఇకమీదట ఎక్కడికైనా ఒంటరిగా వెళ్లకండి. మీతోపాటు ఇవీ అచ్చవ్వాలని పట్టుబట్టండి: ఎన్ని బూతులు, బూతుకి ఎంతమంది, జాబితాలో తీసిన పేర్లలో ఎంతమంది దొరికారు, ఎందరు జవాబు చెప్పనన్నారు, ఎందరికి బదులు వేరేవాళ్లని పెట్టారు, ఏ తేదీల్లో అడిగారు, ప్రశ్న ఉన్నదున్నట్టు, వెయిట్లకి ముందు అంకె, తరవాత అంకె. ఒప్పుకోకపోతే ఆ సర్వే కింద నిలబడనని చెప్పెయ్యండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషులు,
అమలాపురం నుంచి

తా.క.: అసలు సంబంధం లేకపోయినా ఇలాంటి ఫలితం కేవలం అదృష్టవశాత్తూ వచ్చే అవకాశం ఎంతో చెప్పే మీ దాయాది పీ-వాల్యూ గారికి విడిగా ఉత్తరం రాస్తున్నాం. అసలు సంబంధమే లేని ఇరవై జతల్ని పరీక్షిస్తే, కనీసం ఒక్కదాని కిందైనా ఆయన 0.05 లోపే అని సంతకం పెట్టే అవకాశం 64 శాతం. ఆయన సంతకం దొరికిన ఆ ఒక్కటీ థీసిస్‌కి ఎక్కుతుంది, పందొమ్మిదీ అటకెక్కుతాయి. ఆయన ఈమధ్య ఏ కాలేజీలో మకాం ఉంటున్నారో తెలియజేస్తే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతాం.