పోలిక చూసి చుట్టరికం కలపకండి

ఒక ఇంగ్లీష్ మాట మన మాటలా వినిపిస్తే చాలు, అది మన దగ్గర నుంచే వెళ్లిందని పోస్ట్ పెట్టేస్తారు. వేలల్లో షేర్లు. చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అసలు కథ ఇంతకంటే ఎంతో బాగుంటుంది.

స్పానిష్‌లో తినడాన్ని 'కోమెర్' అంటారు, ఇంగ్లీష్‌లో 'ఈట్'. చెవికి ఏ పోలికా లేదు, కానీ చుట్టాలే. లాటిన్‌లో తినడం 'ఎదెరె'. ముందు 'కోమ్' అనే ఉపసర్గ చేరితే 'కోమెదెరె', అంటే మొత్తం తినేయడం. స్పానిష్‌లో అచ్చుల మధ్య ద చాలాచోట్ల జారిపోయింది. చూడటమనే 'విదెరె' 'వెర్' అయింది, నమ్మడమనే 'క్రెదెరె' 'క్రెఎర్' అయింది. అలాగే 'కోమెదెరె' 'కోమెర్'గా మిగిలింది. గమనించారా, 'ఎద్' అనే ధాతువే, అంటే తినడమనే అర్థమున్న అసలు ముక్కే, అరిగిపోయింది! మిగిలింది ఉపసర్గ, క్రియ చివర వచ్చే ప్రత్యయం. నాకు ఇంతకంటే అందమైన విషయం భాషల్లో కనబడలేదు.

ఇంగ్లీష్‌లోని 'ఎడిబుల్', 'ఒబీస్' ఆ 'ఎదెరె' సంతానమే. 'ఈట్' మాత్రం లాటిన్ నుంచి రాలేదు, దానికి తోబుట్టువు. లాటిన్‌లో ద ఉన్నచోట ఇంగ్లీష్‌లో ట వస్తుంది: 'దువో'కి 'టూ', 'దెకెమ్'కి 'టెన్'. సంస్కృతంలో ద్వి, దశ. జర్మన్ భాషావేత్త జేకబ్ గ్రిమ్ 1822లో ఈ మార్పులను సూత్రంగా పెట్టాడు. లాటిన్, ఇంగ్లీష్, సంస్కృతం ఒకే భాషా కుటుంబం; 'ఎదెరె', 'ఈట్'లతో పాటు తినడమనే సంస్కృత ధాతువు 'అద్' కూడా అందులో ఉంది, మనం అరువు తెచ్చుకున్న 'అన్నం' దాని నుంచే వచ్చింది. మన సొంత 'తిను' మాత్రం ద్రావిడ మాట, వాటితో సంబంధం లేదు.

ఇప్పుడు ఎదురు ఉదాహరణ. స్పానిష్ 'అబెర్'ని హెచ్‌తో రాస్తారు, పలకరు. కలిగి ఉండటమనే లాటిన్ 'హబెరె' నుంచి వచ్చింది. ఇంగ్లీష్ 'హ్యావ్'తో రూపం కలుస్తుంది, అర్థమూ కలుస్తుంది. అయినా చుట్టరికం లేదు! లాటిన్‌లో క ఉన్నచోట ఇంగ్లీష్‌లో హ రావాలి, కాబట్టి 'హ్యావ్'కి అసలు బంధువు పట్టుకోవడమనే 'కపెరె'. 'క్యాప్చర్' అక్కడిదే. 'హబెరె' పిల్లలు 'హ్యాబిట్', 'ఎగ్జిబిట్', అప్పు అనే 'డెట్'.

తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లోనే మద్రాసులో ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్ చూపించింది కూడా శబ్ద పోలికలతో కాదు, ధాతువులను వరసగా పక్కపక్కన పెట్టి. రెండు వందల ఏళ్లు దాటినా మనం ఒక్క మాట పట్టుకుని తీర్పులు చెప్పేస్తున్నాం. దయచేసి ఆపండి. అదే మార్పు మరో నాలుగు మాటల్లో చూపించగలిగితేనే పోస్ట్ పెట్టండి.