“నూటికి ఒక్కరికే లాభం” అని మాత్రలు మాన్పించకండి

కావలి, నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కొలెస్ట్రాల్ మాత్రతో గుండెపోటు 36 శాతం తగ్గుతుందన్నది మోసమట. లాభం నూటికి ఒక్కరికేనట, పైగా షుగర్ వచ్చే ముప్పు 25 శాతం పెరుగుతుందట, ఇవాళే మానేయాలట. స్టెంట్ వేయించుకున్న మా పెదనాన్న అది చదివి మానేశారు. నాలుగు మాత్రలు వాడిన షీటు బీపీ మాత్రల డబ్బాలో అలాగే పడి ఉంది.

“36 శాతం మోసం.” కాదు. ఆ అంకె 2003లో వెలువడిన ఆస్కాట్ ట్రయల్‌ది, అంటే మనుషుల మీద మందు పనితనాన్ని చూసే పరీక్షది. బీపీ ఉన్న 10,305 మందిలో సగం మందికి అటోర్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర, సగం మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సుమారు 3.3 ఏళ్లలో గుండెపోటు గానీ గుండెజబ్బుతో మరణం గానీ ఉత్తుత్తి మాత్రవాళ్లలో 154 మందికి, మందు వాడినవాళ్లలో 100 మందికి. అంటే నూటికి 3 నుంచి 1.9కి తగ్గింది. తేడా 1.1, మూడులో అది మూడో వంతు పైనే; ఆ 36 శాతం అదే. రెండు లెక్కలూ నిజమే. 36ను మాత్రమే పెద్దక్షరాల్లో వేసుకున్న కంపెనీ ప్రకటనది మాత్రం తప్పే.

“నూటికి ఒక్కరికే.” ఎవరిలో? ఆస్కాట్‌లో ఉన్నది అంతకుముందు గుండెపోటు రానివాళ్లు. గుండెజబ్బు ఉన్నవాళ్ల లెక్క 1994 నాటి 4ఎస్ ట్రయల్‌లో చూడాలి. 4,444 మంది, సుమారు 5.4 ఏళ్లు, మందు సిమ్వాస్టాటిన్, అదీ కొలెస్ట్రాల్ మాత్రే. మరణాలు ఉత్తుత్తి మాత్రవాళ్లలో 256, మందు వాడినవాళ్లలో 182. దాదాపు 30 మంది వాడితే ఒక ప్రాణం నిలిచింది. ముప్పు ఎక్కువున్నవాళ్లకే మందు ఎక్కువ అక్కరకొస్తుంది. మెసేజ్ వాళ్లనే మానేయమంటోంది!

ఇక “మిగతా 99 మందికి దండగ” అన్న మాట. ఆ ఒక్కరెవరో ముందే చెప్పగలిగితే తక్కినవాళ్లకు ఇవ్వరు కదా.

నాకు బాగా కోపం తెప్పించింది షుగర్ సంగతి. 2008 నాటి జూపిటర్ ట్రయల్‌లో రోసువాస్టాటిన్ అనే మరో కొలెస్ట్రాల్ మాత్ర వాడినవాళ్లలో కొత్తగా షుగర్ వచ్చింది నూటికి 3 మందికి, ఉత్తుత్తి మాత్రవాళ్లలో 2.4 మందికి. 25 శాతం పెరిగిందన్నది నిజమే, కానీ నూటికి తేడా 0.6. లాభం దగ్గర “నూటికి ఎంత” అన్నవాళ్లు నష్టం దగ్గరికొచ్చేసరికి కొలత మార్చేశారు. ట్రయళ్లు వేరు, కాలాలు వేరు కాబట్టి ఈ అంకెల్ని నేరుగా తూచలేం. కానీ రెంటికీ ఒకే కొలత వాడి ఉంటే జనం ఇంత బెదిరేవాళ్లు కాదు.

కండరాల నొప్పులున్నా, షుగర్ టెన్షన్ ఉన్నా ఆ షీటు పట్టుకుని నెల్లూరు పొగతోటలో మిమ్మల్ని చూసే డాక్టరు దగ్గరికే వెళ్లండి. “నాలాంటివాళ్లలో నూటికి ఎంతమందికి ముప్పు, ఈ మాత్రతో ఎంతకు తగ్గుతుంది, ఎన్నేళ్లలో?” అని అడగండి. డోసు తగ్గించాలా, మందు మార్చాలా అన్నది అప్పుడు తేలుతుంది.