పంచపాండవులు పద్దెనిమిది మంది

పంచపాండవులు ఎందరంటే మంచం కోళ్లలాగా ముగ్గురని చెప్పి, రెండు వేళ్లు చూపించి, పలక మీద ఒకటి వేసిన మహానుభావుణ్ణి తరతరాలుగా ఎగతాళి చేస్తున్నాం. ఆ పాపపరిహారార్థం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయన లెక్కలో లోపమేమీ లేదు. అమెరికా విశ్వవిద్యాలయాల క్రీడా వ్యవహారాల్లో మనకన్నా ముందే ఆరితేరినవాడు, అంతే.

అక్కడ ‘బిగ్ టెన్’ అనే కూటమి ఒకటి ఉంది. 1896 నాటి పాత సంసారం. పేరులో పది, పంక్తిలో పద్దెనిమిది. ‘బిగ్ ట్వెల్వ్’ అని మరొకటి ఉంది, అందులో పదహారు. 2011 నుంచి 2014 దాకా అయితే పది అనే ఇంట్లో 12 విశ్వవిద్యాలయాలు, పన్నెండు అనే ఇంట్లో 10 కాపురం చేశాయి. బోర్డులు మార్చుకుంటే సరిపోయేదని మనకు తోస్తుంది. వాళ్లకు తోచలేదు. అంతకు చాలా ముందు, పదిలోకి పదకొండోది వచ్చి చేరినప్పుడు కూడా పేరు జోలికి పోలేదు. చిహ్నంలో అక్షరాల పక్కన ఖాళీలో 11 అంకెను దాచిపెట్టి ఊరుకున్నారు. నిజాన్ని ఇంత నిజాయతీగా దాచిన సంస్థను నేను మరొకటి ఎరగను.

ఈ జ్ఞానమంతా నాకు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, మా అమ్మాయి ఇంట్లో, 2024 సెప్టెంబరు 21వ తేదీ శనివారం సాయంత్రం, మిరపకాయ బజ్జీల సాక్షిగా కలిగింది. ఆరు నెలలకని వెళ్లిన తల్లిదండ్రులకు అక్కడ పెద్దగా పని ఉండదు. పొద్దున నడక, సాయంత్రం నడక, మధ్యలో జ్ఞానం. మా అల్లుడుగారు బర్క్‌లీలో చదివారు. ఆటల్లో ఆ విశ్వవిద్యాలయాన్ని ‘కాల్’ అంటారు. ఆయన, ఆయనతో చదువుకున్న మరో ముగ్గురు టీవీ ముందు చేరారు. “మామయ్యగారూ, మేం కాన్ఫరెన్స్ మారడం గురించి మాట్లాడుకుంటున్నాం, మీకు విసుగేమో” అన్నారు. ముప్పై ఏళ్లు కొలువు చేసినవాణ్ణి, కాన్ఫరెన్స్ అంటే తెలియకపోవడమేమిటి? మెడలో బిళ్ల, చేతికి గుడ్డ సంచి, రెండు ఉపన్యాసాల మధ్య టీ, చివర భోజనం. అదే చెప్పాను. నలుగురూ నా వంక జాలిగా చూశారు.

సంగతి ఏమిటంటే, ఒక ప్రాంతపు విశ్వవిద్యాలయాలు కొన్ని ఒక కట్టుగా చేరి ఏటా తమలో తాము ఆడుకుంటాయి. ఆ కట్టు పేరు కాన్ఫరెన్స్. ఇరుగుపొరుగు ఊళ్ల పిల్లలు చెరువుగట్టున కబడ్డీ ఆడుకున్నట్టుగానే మొదలైంది. తర్వాత టీవీ వచ్చింది. ఆటలను టీవీకి కూటమి అంతా కలిసి అమ్ముతుంది, వచ్చింది పంచుకుంటుంది. 2022 జూన్ ఆఖరున లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ అనే విశ్వవిద్యాలయాలు రెండూ పడమటి తీరపు కూటమిని వదిలి బిగ్ టెన్‌కు వెళ్తున్నామని ప్రకటించాయి. రెండు నెలలు తిరగకముందే బిగ్ టెన్ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్ల పైమాటగా టీవీ ఒప్పందం రాసుకుంది. ఆనాటి నుంచి లాస్ ఏంజెలెస్‌కు న్యూజెర్సీ పక్క ఊరు. న్యూజెర్సీలోని రట్గర్స్ కూడా ఆ ఇంటి సభ్యురాలే. మన తెలుగువాళ్లతో కళకళలాడే ఎడిసన్‌కు కూతవేటు దూరంలో ఉంటుంది. పెళ్లిచూపులకైనా అంత దూరం పోవాలంటే మనవాళ్లు ముందు ఫోటో పంపమంటారు.

పెద్దవాళ్లు ఇద్దరూ గడప దాటేసరికి 1915 నుంచి నడుస్తున్న పడమటి కూటమి, అదే పాక్-12, కూలిపోయింది. పన్నెండింటిలో పది వెళ్లిపోయాయి. ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి. రెండే మిగిలినా బోర్డు మీద పన్నెండు అలాగే ఉంది. పలక మీద ఒకటి వేసినాయన ఆత్మ ఎక్కడున్నా సంతోషించి ఉంటుంది.

ఇక మా అల్లుడుగారి కాల్, దాని పొరుగున ఉన్న స్టాన్‌ఫర్డ్. ఇవి రెండూ ఎక్కడ చేరాయంటే, అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో. అంటే అట్లాంటిక్ తీరపు కూటమిలో. బర్క్‌లీ కొండ ఎక్కితే కనిపించేది పసిఫిక్ మహాసముద్రపు అఖాతం. చిన్నప్పుడు గోళం తిప్పి సముద్రాలు చూపించమని, తప్పు చూపిస్తే చెవి మెలిపెట్టిన మా మాస్టారు గుర్తొచ్చారు. ఆయన ఏ సముద్రానికి ఎవరు ఎంత ఇస్తున్నారో కనుక్కోకుండానే మమ్మల్ని కొట్టారు.

ఈ సంబంధాలు కుదిరిన తీరు వింటే మన పెళ్లిళ్ల పేరయ్యలు కూడా దండం పెడతారు. కాల్‌కూ స్టాన్‌ఫర్డ్‌కూ కొత్త ఇంట్లో మొదటి ఏళ్లలో టీవీ వాటా మిగతావాళ్లకు వచ్చేదానిలో 30 శాతమే. అదే ముహూర్తానికి డాలస్ నుంచి వచ్చిన ఎస్‌ఎంయూ అనే విశ్వవిద్యాలయం ఇంకా ఉదారంగా, తొమ్మిదేళ్లపాటు టీవీ వాటా తనకు అక్కర్లేదంది. ఇల్లరికం వెళ్లి, తొమ్మిదేళ్లు పొలం పని చేస్తాను, తిండి కూడా నేనే తెచ్చుకుంటాననే అల్లుడు మన వైపు ఎప్పుడైనా దొరికాడా? ఇటు కాల్, యూసీఎల్‌ఏ ఒకే ప్రభుత్వ విశ్వవిద్యాలయపు బిడ్డలు. తోబుట్టువును నడివీధిలో వదిలి వెళ్లినందుకు యూసీఎల్‌ఏ మూడేళ్లు ఏడాదికి కోటి డాలర్ల చొప్పున కాల్‌కు చెల్లించాలని పాలకమండలి 2024 మేలో తీర్మానించింది. మన కోర్టులలో దీన్ని మనోవర్తి అంటారు.

ఆ సాయంత్రం చర్చకు వద్దాం. గదిలో నలుగురు, అభిప్రాయాలు అయిదు. అట్లాంటిక్‌లోనే ఉందాం, 2036 దాకా ఒప్పందం ఉంది, డ్యూక్, వర్జీనియా లాంటి చదువుల తల్లుల సరసన ఉండటం మన స్థాయికి తగినదని మా అల్లుడుగారి వాదం. బ్యాంకులో పనిచేసే మిత్రుడు ఒప్పుకోలేదు. ఎంత తక్కువ వాటా ఇచ్చినా సరే బిగ్ టెన్ గుమ్మం ముందు నిలబడాలట, అదీ మన స్థాయి కోసమేనట. మూడో ఆయన కొంచెం మెత్తనివాడు. సరిగ్గా తొమ్మిది రోజుల ముందు బోయిసీ స్టేట్ వగైరా నాలుగు విశ్వవిద్యాలయాలు పాక్-12లో చేరుతామని చెప్పాయి కాబట్టి, మనమూ తిరిగి వెళ్లి పాత ఇంటికి సున్నం కొట్టుకుందామన్నాడు. “వాళ్లతోనా?” అన్నారు మిగతా ముగ్గురూ ఒకేసారి, సంబంధం కులం తక్కువదన్నంత కంగారుగా. నాలుగో ఆయన మొదట అల్లుడుగారి వైపు, బజ్జీలు అయ్యాక బ్యాంకు మిత్రుడి వైపు మాట్లాడాడు. కూటములు మారడమంటే ఏమిటో అర్థమైంది ఆయన ఒక్కడికే అనిపించింది.

నాకు ఆశ్చర్యం కలిగించింది మరొకటి. గంటన్నర మాట్లాడుకున్నారు, బంతి మాట ఒక్కసారీ రాలేదు. పంపిణీ, హక్కుల బదలాయింపు, నిష్క్రమణ రుసుము, తరుగు వాటా. మా ఊళ్లో ఆడిట్‌కు వచ్చే గుమస్తాలు కూడా మధ్యలో సినిమా సంగతులు మాట్లాడేవారు. “మన ప్రాంతంలో ఇన్ని లక్షల టీవీలున్నాయి, అదీ మన బలం” అన్నాడు బ్యాంకు మిత్రుడు. 2014లో రట్గర్స్‌ను బిగ్ టెన్‌లోకి తీసుకున్నది ఆట చూసి కాదట, న్యూయార్క్ చుట్టూ ఉన్న కేబుల్ కనెక్షన్లు చూసి అట. మరి ఇక్కడి టీవీలలో కాల్ ఆట ఎందరు చూస్తారని అడిగాను. అల్లుడుగారు మా అమ్మాయిని పిలిచి మామయ్యగారికి టీ ఇమ్మన్నారు.

ప్రతి వాక్యమూ ‘మనం’తోనే మొదలవుతోంది. మనం అడగాలి, మనం వదులుకోకూడదు, మనకు రావలసింది రావాలి. వీళ్లను ఎవరూ అడగలేదు, అడగబోరు కూడా. అయినా ఒప్పందపత్రాలు కంఠస్థం. ఇంతకీ ఈ ‘మనం’ స్థాయి ఏమిటని మర్యాదగా విచారించాను. అక్కడి ఫుట్‌బాల్‌లో, అంటే చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆటలో, ‘రోజ్ బౌల్’ అనేది పెద్ద పండుగ. కాల్ దాన్ని చివరిసారి గెలిచింది 1938లో. చివరిసారి ఆడింది 1959లో. మరోవైపు ఆవర్తన పట్టికలో బెర్కీలియం, కాలిఫోర్నియం అని రెండు మూలకాలు ఆ విశ్వవిద్యాలయంలో పుట్టి, ఆ ఊరి పేరూ ఆ రాష్ట్రం పేరూ పెట్టుకున్నాయి. మూలకాలకు టీవీ ఒప్పందం లేదు. అందువల్ల అవి ఏ కూటమికి మారాలన్న చర్చ రాలేదు.

వాళ్ల స్టేడియం గురించి కూడా చెప్పాలి. 1923లో కట్టారు. సరిగ్గా దాని కింద నుంచే హేవర్డ్ అనే భూభ్రంశం, అంటే నేలలోని పగులు, పోతుంది. స్టేడియం రెండు భాగాలూ ఏటా కొన్ని మిల్లీమీటర్ల చొప్పున ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో జరుగుతున్నాయి. అభిమానులను అనవలసింది ఏముంది, ఆ విశ్వవిద్యాలయం కింద భూమే ఇంకా ఒక నిర్ణయానికి రాలేదు.

ఆ రోజు ఆట ఫ్లోరిడా స్టేట్‌తో, టలహాసీలో. కొత్త కూటమిలో కాల్‌కు అదే మొదటి ఆట. బర్క్‌లీ నుంచి టలహాసీకి గీత గీస్తే దాదాపు 3,500 కిలోమీటర్లు. ఉత్తర దక్షిణాలుగా మన దేశం మొత్తం పొడవే 3,214. మన విశ్వవిద్యాలయాలు పాపం, ఇప్పటికీ దక్షిణ మండలం, పశ్చిమ మండలం అని దిక్కులను నమ్ముకుని అంతర విశ్వవిద్యాలయ పోటీలు ఆడుకుంటున్నాయి. వెనకబాటుతనం అంటే ఇదే. అక్కడ ఫుట్‌బాల్ పిల్లలు ఏడాదికి పన్నెండు ఆటలాడితే, వాలీబాల్ ఆడే అమ్మాయిలు దానికి రెట్టింపు పైగా ఆడతారు. వాళ్లూ ఇలాగే ఎగరాలి, లెక్కల పుస్తకం విమానంలో తెరవాలి. ఈ వందల కోట్ల వాటాలలో ఆడే పిల్లలకు విశ్వవిద్యాలయం నేరుగా సొమ్ము ఇవ్వవచ్చని తేలింది 2025లో, అదీ కోర్టు రాజీతో. అప్పటిదాకా వాళ్లు చదువు మీద ధ్యాస తప్పకూడదని పెద్దలు జాగ్రత్త పడ్డారు.

ఆతిథ్యమిచ్చిన ఫ్లోరిడా స్టేట్ కథ వేరు. 2023లో డిసెంబరు మొదటికల్లా 13 ఆటలాడి పదమూడూ గెలిచింది. అయినా జాతీయ విజేతను తేల్చే చివరి నాలుగింటిలో చోటు దొరకలేదు. అట్లాంటిక్ కూటమిలో ఉన్నందువల్లే ఈ అవమానమని, మూడు వారాలు తిరగకుండా ఆ కూటమి మీదే దావా వేసింది. బయటికి పోవాలంటే 57 కోట్ల 20 లక్షల డాలర్లు అవుతుందని లెక్క కూడా తానే కట్టి చూపించింది. అంటే కొత్త కోడలు కుడికాలు పెట్టి గృహప్రవేశం చేస్తున్న రోజున, హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డ పెద్దకొడుకు వేరు కాపురం కోసం కోర్టుకు ఎక్కి ఉన్నాడు. కాల్ అప్పటికి మూడు ఆడి మూడూ గెలిచింది. ఫ్లోరిడా స్టేట్ మూడు ఆడి మూడూ ఓడింది.

నిష్క్రమణ రుసుము దగ్గర గొంతులు పెరిగాయి. టీవీలో ఏదో అయిపోయి జనం లేచి వెళ్తున్నారు. “మామయ్యగారూ, ఎవరు గెలిచారు?” అన్నారు అల్లుడుగారు. 14-9, ఇల్లు వదిలి పోతానన్నవాడే గెలిచాడని చెప్పాను. నలుగురూ ఒక్క క్షణం మౌనం పాటించి, ఈ ఓటమి వల్ల మన టీవీ విలువ ఎంత తగ్గుతుందో లెక్కకట్టడం మొదలుపెట్టారు. ఈ కూటమి తన స్థాయికి చాలదన్న ఫ్లోరిడా స్టేట్ ఆ ఏడాది మొత్తం మీద గెలిచినవి రెండే. కూటమిలో అది ఓడించగలిగింది కాల్‌ను ఒక్కదాన్నే.

మరుసటి మార్చిలో, మేం ఇంటికి తిరిగొచ్చాక, ఒక రాత్రి అల్లుడుగారు ఫోను చేశారు. ఫ్లోరిడా స్టేట్, కూటమి రాజీపడ్డాయట. ఇకమీదట టీవీ ఆదాయంలో పెద్ద భాగాన్ని ఎవరి ఆట ఎక్కువమంది చూస్తే వాళ్లకు ఎక్కువగా పంచుతారట. “కాబట్టి మామయ్యగారూ, సెప్టెంబరు నుంచి ఆదివారం తెల్లవారుజామున మీరు కూడా మన ఆట పెట్టండి.” ఇక్కడ చూస్తే అక్కడ లెక్కలోకి రాదేమో అన్నాను. అలవాటు చేసుకుంటే మంచిదన్నారు. ఆ వేళకు మా ఇంట్లో టీవీ శ్రీవారి సుప్రభాతానిది. ఆ హక్కులు మా ఆవిడవి. 2036 తర్వాత కూడా ఆవిడవేనని అల్లుడుగారికి మెల్లగా చెప్పాను.