వస పోయలేదా అని నవ్వాం

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ళ ఉగాదికి, పిల్లల పద్యాల పోటీలో అందరం ఉన్నాం కదా. నాలుగేళ్ళ బాబు పట్టుపంచె జారిపోతుంటే పట్టుకుని మైకు ముందు నిలబడ్డాడు, రెండు మాటలు వచ్చాయి, అవీ సరిగ్గా తెలియలేదు, ఆగిపోయాడు. యాంకర్ గారు మైకు అందుకుని "ఏమ్మా, చిన్నప్పుడు వస పోయలేదా?" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, అదే ఇప్పటికీ గుచ్చుతోంది. భోజనాల లైన్లో ఆ తల్లికి పులిహోర కంటే ముందు సలహాలు పడ్డాయి. "రెండు భాషలైతే అంతేనమ్మా, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అని ఒకరు, "మగపిల్లలకి లేటే, ఆగండి" అని ఇంకొకరు.

మొదటి సలహా నేను పాటించి చూశాను. మా వాడికి మూడేళ్ళప్పుడు ప్రీస్కూల్లో ఒకావిడ బొమ్మలు చూపించి ఇంగ్లీషులో పేర్లడిగింది. దువ్వెన చూసి వాడు "దుయ్యెన" అన్నాడు. సున్నా. చెప్పు చూసి "తెప్పు" అన్నాడు. మళ్ళీ సున్నా. ఇంట్లో తెలుగు ఆపేయమంది, ఎనిమిది నెలలు ఆపేశాం. వీడియో కాల్లో మా అమ్మ "ఏం తిన్నావు నాన్నా" అంటే వాడు నా మొహం చూసేవాడు. అమ్మకీ మనవడికీ మధ్య నేను దుబాసీనయ్యాను.

తర్వాత దొరికిన స్పీచ్ థెరపిస్టు ముందు చెవులు పరీక్ష చేయించింది. తెలుగు దుబాసీని పక్కన పెట్టుకుని రెండు భాషల్లో వాడికి వచ్చిన మాటలన్నీ కలిపి లెక్కేసింది, మేం ఆడుకుంటుంటే రికార్డు చేసింది, ఓ కొత్త మాట నేర్పి ఎంత త్వరగా పట్టుకుంటాడో చూసింది. ఇంగ్లీషు ఒక్కటే వచ్చిన పిల్లలతో కట్టిన మార్కుల పట్టికతో మన పిల్లల్ని కొలవకూడదట. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు, అసలు లోపం ఉంటే రెండింటిలోనూ కనిపిస్తుంది. మా వాడికి కనిపించింది. థెరపీ కావాల్సి వచ్చింది, తెలుగు మాత్రం మళ్ళీ మొదలుపెట్టాం.

పరిశోధన, థెరపిస్టు అనుభవం, ఇంటివాళ్ళకి ఏది ముఖ్యమో, ఈ మూడూ చూసుకునే వైద్యం చెయ్యాలని అమెరికాలో స్పీచ్ థెరపిస్టుల వృత్తి సంఘం ఆషా చెబుతుంది. మూడోది మొదటావిడ అడగనే లేదు.

ఇక వస. నేను పెద్దవాళ్ళ అలవాట్లని వెక్కిరించే మనిషిని కాదు, కానీ దాన్ని నాకించినంత మాత్రాన మాటలు వచ్చెయ్యవు, పైగా ఈ దేశంలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 1968లోనే తినే వాటిలో వస వాడొద్దని నిషేధించింది. అమ్మ సూట్‌కేసులో తెచ్చిన కొమ్ము మాత్రం పోపులపెట్టె వెనకాల అలాగే ఉంది. పారెయ్యబుద్ధి కాలేదు.

ఆ బాబు వాళ్ళమ్మకి చెప్పాల్సింది వేరే. మూడేళ్ళు నిండితే ఆ ప్రాంతం ప్రభుత్వ బడుల్ని నడిపే స్కూల్ డిస్ట్రిక్టుకి ఉత్తరం రాసి మాటల పరీక్ష అడగొచ్చు, పైసా ఖర్చుండదు. వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం పెట్టిన ఐడియా (IDEA) చట్టం ప్రకారం వీలైనంతవరకు పిల్లల ఇంటి భాషలో కూడా చూడాలి. మూడులోపైతే ఆ వయసు పిల్లలకి ఇలాంటి సాయం చేసే ఎర్లీ ఇంటర్వెన్షన్ వాళ్ళున్నారు. వాళ్ళకి తెలుగు దుబాసీలు దొరకడమే కష్టం.

కమిటీవారూ, బీపీ, షుగర్ చూసే హెల్త్ క్యాంపులో ఈసారి పిల్లల మాటల సంగతికీ ఒక బల్ల వెయ్యండి. శిక్షణ ఇప్పిస్తే దుబాసీగా నేను కూర్చుంటాను. యాంకర్ గారు కూడా రావాలి, ఆయన తెలుగు చక్కగా ఉంటుంది.